మెట్ల పక్క మిరప మొక్కలు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేను కాదనను. పాలవాడు ప్యాకెట్లు గేటు దగ్గర పెట్టి బెల్లు కొట్టకుండా పోతే, ఎవరైనా ఎత్తుకుపోతే చూసి నవ్వుకుందామనే అలా చేశాడనిపిస్తుంది నాకు. మా ఆయన జగదీశ్వర్ కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరు ఎక్కడ దొంగ కనెక్షన్ లాగారా అని ముప్ఫై ఏళ్లు స్తంభాల వెంట తిరిగిన మనిషి, ఇంట్లో మాత్రం ఎవరినీ అనుమానించడు. ఆ పని మొత్తం నాకే వదిలేశాడు.

నిరుడు వానాకాలంలో ఆ పని నేను ఎంత బాగా చేశానో చెబుతాను.

అశోక్‌నగర్‌లో లైబ్రరీ వెనక గల్లీ మాది. గ్రూప్స్‌కి చదివే పిల్లలతో, హాస్టళ్లతో, జిరాక్స్ దుకాణాలతో గల్లీ ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. కింద మేం ఉంటాం, పై వాటా కిరాయికిచ్చాం. పైకి మెట్లు బయటినుంచే. ఆ మెట్లకీ ప్రహరీ గోడకీ నడుమ రెండడుగుల మట్టి నేల ఉంది. మా అమ్మాయి నవత గది కిటికీ సరిగ్గా దాని మీదికే తెరుచుకుంటుంది. విరిగిన కుర్చీలు, పాత బకెట్లు పడెయ్యడానికి తప్ప ఆ జాగాతో మాకెప్పుడూ పనిపడలేదు.

పై వాటాలో ఆదిలక్ష్మి, ఆమె భర్త కాశీవిశ్వనాథం, కూతురు నాగశ్రీ. రాజమండ్రి వైపు వాళ్లు, పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నారు. నాకంటే రెండేళ్లు పెద్దదని నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను వదినగారూ అంటుంది. ఇన్నేళ్లయినా ఈ చుట్టరికం ఏమిటో తేలలేదు. ఆడపిల్లలిద్దరిదీ నాలుగో తరగతి నుంచి ఒకే బెంచీ. ఇప్పుడు ఇద్దరికీ ఇరవయ్యెనిమిది, ఇద్దరూ గ్రూప్స్‌కే చదువుతున్నారు. పొద్దున్నే నవత పైకి వెళ్లి నాగశ్రీని పిలుచుకుంటే, ఇద్దరూ కలిసి లైబ్రరీకి నడుస్తారు.

జూన్‌లో ప్రిలిమ్స్ రాశారు, ఇద్దరూ పాసయ్యారు. అక్టోబరులో మెయిన్స్. నవతకి ఇది మూడోసారి. ఈసారి రాకపోతే పుస్తకాలు కట్టగట్టేస్తానని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటినిండా నిద్ర లేదు. అయినా కూరగాయల బండి దగ్గర, గుడిలో ప్రసాదం లైన్లో, చివరికి నారాయణగూడలో పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నప్పుడు కూడా, మా నవత ఈసారి డిప్యూటీ కలెక్టర్ అయితదని చెప్పుకుంటూనే ఉన్నాను. పైనున్న నాగశ్రీ కూడా అదే పోస్టుకి రాస్తోందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జులై మొదట్లో ఆ మట్టిలో మొలకలు కనబడ్డాయి. మొదట చూసింది బుగ్గమ్మ. బుగ్గమ్మ మా ఇంట్లో అంట్లు తోముతుంది. హైదరాబాద్ రాకముందు వరంగల్ పక్క పల్లెలో మిరప చేలల్లో కూలికి పోయిన మనిషి. నేను కామంచి మొక్కలనుకుని పీకెయ్యమన్నాను.

ఆమె వంగి ఒక ఆకును వేళ్ల మధ్య పెట్టి చూసింది. "కామంచి గాదమ్మా. దాని ఆకు అంచు వంకర్లు పోతది. ఇది నున్నగుంది, కొస వాడిగుంది. మిరప నారు."

మేమెవరం విత్తనం వెయ్యలేదు. నేనూ వంగి చూశాను. మెట్ల పక్కన ఒక గుంపు, నీళ్ల డ్రమ్ము వెనక ఇంకో గుంపు. ఒక్కో గుంపులో పది పన్నెండు మొక్కలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తున్నాయి.

మా ఆయనకు చూపిస్తే పేపర్లోంచి తలెత్తకుండా పిట్టలేసి ఉంటాయన్నాడు. పిట్టలకు కారం తెలియదట, మిరపపండ్లు హాయిగా తింటాయట. పిట్ట వేస్తే ఇక్కడొకటి అక్కడొకటి మొలవాలి గానీ ఇలా గుంపులుగా ఎందుకు మొలుస్తాయని అడిగాను. కాయకు కాయ పడితే తప్ప ఇలా రావు.

"పడితే పడ్డది. మిరపకాయలు కొనుడు తప్పుతది," అన్నాడాయన.

ఆయనకి అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం అప్పుడు ప్రిలిమ్స్ రోజు పొద్దున గుర్తొచ్చింది. ఆ రోజు పిల్లలు వెళ్లాక మెట్లు కడుగుతుంటే ఈ మట్టి మీద దొడ్డుప్పు కనిపించింది. గుప్పెడు ఉప్పు, తెల్లగా. సాయంత్రం వానకి కరిగిపోయింది, నేనూ మర్చిపోయాను. ఇప్పుడు అదే చోట మిరప మొక్కలు. ఉప్పూ ఎండుమిరపకాయలూ కలిపి ఎందుకు పట్టుకుంటారో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

మా అమ్మ దిష్టి తీస్తే ఆ మిరపకాయలు పొయ్యిలో వేసేది. ఇప్పుడు గ్యాసు మంట మీద వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గాలి, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టాలి. అందుకని పట్నంలో ఎవరూ తొక్కని చోట చూసి పారేస్తున్నారు. తొక్కినవాళ్లకి ఆ దిష్టి అంటుకుంటుందని భయం. మరి ఎవరూ తొక్కని చోటు గల్లీ మొత్తంలో మా నవత కిటికీ కిందే దొరికిందా?

పై వాటాలో ఉండే ఆడవాళ్లు ఇద్దరే, ఆదిలక్ష్మి, నాగశ్రీ. కాశీవిశ్వనాథం గారికి దిష్టి తీయడం సంగతి అటుంచి, తన కళ్లద్దాలు ఎక్కడున్నాయో కూడా తెలియదు. లెక్క సులువుగానే తేలింది. నా కూతురూ ఆమె కూతురూ ఒకే ఉద్యోగానికి రాస్తున్నారు. తన కూతురికి తగిలిన దిష్టి తీసి, నా కూతురి కిటికీ కింద పారేస్తోంది. పద్దెనిమిదేళ్ల స్నేహమైతే ఏమిటి, కన్న కూతురి ముందు నేనెంత?

మొక్కలు పీకెయ్యమని బుగ్గమ్మతో మళ్లీ అన్నాను. తర్వాత నేనే ఆపాను. అవి పెరగాలి. కాయ కాయాలి. కాయ చూస్తే ఎవరి వంటింట్లోంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఆగస్టులో నవతకి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. గల్లీలో సగం హాస్టళ్లకు డెంగీ వచ్చింది ఆ నెల, కానీ నాకు కనిపించింది ఆ కిటికీ ఒక్కటే. ఎనిమిది రోజులు పిల్ల మంచం దిగలేదు. ఆదిలక్ష్మి రోజూ పొద్దున బొప్పాయి ఆకు దంచి రసం తీసి, గ్లాసు మీద మూత పెట్టి తెచ్చేది. నేను నవ్వు మొహంతో అందుకుని, ఆమె మెట్లెక్కిన చప్పుడు విన్నాక సింకులో పారబోసేదాన్ని. నాగశ్రీ పక్కన కూర్చుని నోట్సు చదివి వినిపిస్తుంటే, సరిగ్గా చదువుతోందా, నడుమ పేరాలు వదిలేస్తోందా అని గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఇప్పుడు చెబుతుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం తల్లిగా నా బాధ్యత నేను నెరవేరుస్తున్నాననే అనుకున్నాను.

జ్వరం తగ్గే రోజులకి మొక్కలు పూతకొచ్చాయి. కొమ్మ రెండుగా చీలే ప్రతి చోటా ఒక్కో తెల్ల పువ్వు, తలకాయ కిందికి వేలాడేసి. కామంచికైతే నాలుగైదు గుత్తిగా పూస్తాయని, ఇంక అనుమానం వద్దని బుగ్గమ్మ అంది. అనుమానం వద్దనడం ఆమెకి తేలికే.

ఆ నెలాఖరు ఆదివారం కోచింగ్ సెంటర్లో గ్రాండ్ టెస్టు. నవత ఎప్పటిలాగే పైకి వెళ్లి నాగశ్రీని తీసుకుని దిగింది, ఇద్దరూ వెళ్లిపోయారు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. ఆదిలక్ష్మి మెట్ల మీద సగందాకా దిగింది. అటూ ఇటూ చూసి, మూసిన గుప్పిటను గోడవైపు విదిలించి, వెనక్కి చూడకుండా పైకి వెళ్లిపోయింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి చూశాను. ఉప్పు, ఎర్రగా మిరప తునకలు. నా కళ్లతో నేను చూశాను. ఆ టెస్టులో నవతకి ఎన్నడూ రానంత తక్కువ మార్కులొచ్చాయి. జ్వరం నుంచి లేచి పది రోజులైనా కాలేదన్నాడు మా ఆయన. నేను ఆయనకేమీ చెప్పలేదు. చెబితే నవ్వుతాడు, నవ్వితే నాకు ఇంకా కోపమొస్తుంది.

సెప్టెంబరు సగానికి మెట్ల పక్క గుంపు కాతకొచ్చింది. సన్నగా, పొడుగ్గా, కొస సూదిలా ఉన్న కాయలు. ఒకటి విరిచి నాలుకకి తగిలిస్తే కళ్లల్లో నీళ్లొచ్చాయి. మా ఇంట్లో వాడే రకం కాదు. డ్రమ్ము వెనకవి మాత్రం గుబురుగా ఆకు వేశాయి గానీ ఇంకా కాయలేదు. వాటితో నాకు పని కూడా లేదనుకున్నాను.

ఆ సాయంత్రం ఆదిలక్ష్మి మెట్లు దిగుతూ ఆగింది. "వదినగారూ, భలేగా కాశాయండి. మేం ఇంట్లో వాడే సన్నకాయే ఇది. నాలుగు కోసుకుని ఊరమిరపకాయలు పెట్టనా? పిల్లలకి పెరుగన్నంలోకి బాగుంటాయి."

తన నోటితోనే చెప్పింది. నేను తల ఊపాను. కొంగు నిండా కోసుకుపోయింది. మజ్జిగలో ఊరబెట్టి, వానల నడుమ ఎండ కాసినప్పుడల్లా డాబా మీద ఎండబెట్టి, వారం తిరక్కుండా ఒక డబ్బాలో పోసి నాకు తెచ్చిచ్చింది. అవి నా ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేదు. బుగ్గమ్మకి ఇచ్చేశాను. మర్నాడు వచ్చి, గసుంటివి ఎన్నడూ తినలేదని, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆమెకేమీ కాలేదు. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది. దిష్టి నవత కోసం పెట్టింది కాబట్టి బుగ్గమ్మనేం చేస్తుందని సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి సాకు కావాలి. హనుమకొండలో ఉన్న మా తమ్ముడు ఉమాకాంత్‌కి ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే కొడుకు కోచింగ్ కోసం దసరాకి ముందే హైదరాబాద్ వస్తున్నామని చెప్పమన్నాను. ఎందుకక్కా అన్నాడు. చెప్పమంటే చెప్పు అన్నాను. నవతకీ మా ఆయనకీ అదే చెప్పాను. ఆయన ఒక పూట అన్నం మీద అలిగాడు. నవత మాత్రం, మామకి ఇంత పెద్ద అశోక్‌నగర్‌లో వేరే ఇల్లు దొరకలేదా అని అడిగి, నా మొహం చూసి ఊరుకుంది.

తర్వాత పైకి వెళ్లాను. ఆదిలక్ష్మి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మా తమ్ముడి సంగతి చెప్పి, ఈ నెలాఖరుకల్లా వాటా కావాలన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. లోపలి గదిలో నాగశ్రీ పైకి చదువుతున్నది కూడా ఆగిపోయింది.

"పిల్లల పరీక్షలయ్యే దాకా ఆగరా వదినగారూ? ఇంకొక్క నెలే కదండీ."

"ఆగేటట్టుంటే నేనే చెప్పేదాన్ని గద అక్క."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. నేరం చేసింది కాబట్టే మాట రావడం లేదనుకున్నాను. సరేనండి అని మళ్లీ బియ్యంలోకి వంగింది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం వాళ్ల సామాన్ల కోసం డీసీఎం బండి వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇళ్లన్నీ హాస్టళ్లకు పోయాయి కాబట్టి వాళ్లకు కాచిగూడ స్టేషన్ వెనక ఒక పాత ఇంట్లో రెండు గదులు దొరికాయి. పక్కన రైళ్లు, కింద టిఫిన్ బండి, ఆ పిల్ల అక్కడ ఎలా చదువుతుందన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చిన దాన్ని పక్కకి నెట్టాను. నవత ఆ రోజంతా పుస్తకాల అట్టపెట్టెలు మోసింది. బండి వెళ్లిపోయాక తన గదిలోకి పోయి తలుపేసుకుంది. మూడు రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

నేను మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కాయలు కోసేసిన మెట్ల పక్క మొక్కలు దగ్గరుండి పీకించాను. డ్రమ్ము వెనకవి కూడా పీకమంటే బుగ్గమ్మ వినలేదు. కాత మీదున్న చెట్టుని పీకనంది. ఉసూరుమని నేనే చూద్దామని డ్రమ్ము పక్కకి జరిపించాను.

వాటికీ కాయలున్నాయి. కానీ ఇవి సన్నగా లేవు. గుండ్రంగా, బొద్దుగా, చిన్న టమాటాల్లా ఉన్నాయి. ఒకటి రెండు ఎర్రబారుతున్నాయి.

"ఇగో, ఇది చపాటానే గదమ్మా," అంది బుగ్గమ్మ. "మీ తమ్ముడు పంపే మిరపకాయ."

చపాటా కాయకి రంగే గానీ కారం ఉండదు. ఆవకాయ ఎర్రగా రావాలని ఉమాకాంత్ ఏటా వరంగల్ మార్కెట్లో కొని పంపిస్తాడు. మా గల్లీలో మా ఇంట్లో తప్ప అది ఎవరూ వాడరు. ఒకసారి ఆదిలక్ష్మికి ఇస్తే, కారం లేని మిరపకాయ ఎందుకండీ అని నవ్వి తిరిగిచ్చేసింది. మరి మా ఇంటి మిరపకాయ మెట్ల పక్క మట్టిలోకి ఎలా వచ్చింది? నా బుద్ధి నేరుగా దొంగతనం మీదికి పోయింది. నా వంటింట్లోంచి నా డబ్బాలోవి ఎత్తుకుపోయి, నా కూతురి మీదే ప్రయోగించిందనుకున్నాను.

మధ్యాహ్నం నవత అన్నానికి వచ్చింది. కంచం ముందు పెట్టి, పై ఆంటీ ఎప్పుడైనా మన వంటింట్లోకి ఒంటరిగా వచ్చిందా అని అడిగాను. ఎందుకంది. నాలుగు గుండ్రటి కాయలు తెచ్చి కంచం పక్కన పెట్టాను. అవి ఎక్కడ మొలిచాయో, ఆదిలక్ష్మి మెట్ల మీద నుంచి ఏం విసిరిందో, వాళ్లను నేను ఎందుకు పంపించానో అన్నీ చెప్పేశాను. నా తెలివికి కూతురు మెచ్చుకుంటుందన్న ఆశ ఏదో మూల ఉన్నట్టుంది.

నవత ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఆ మిరపకాయలు నేనే తీస్కపోయిన అమ్మా."

"నువ్వెందుకు తీస్కపోయినవ్?"

"పరీక్షున్న రోజల్లా ఆంటీ నాకు దిష్టి తీస్తది. ఎవరికి తీస్తే వాళ్లింటి మిరపకాయలే ఉండాల్నంట. వాళ్ల అత్తగారు చెప్పిందంట. ప్రిలిమ్స్ రోజు మన డబ్బాల నుంచి ఐదు తీస్కొని పైకి పోయిన. గ్రాండ్ టెస్టు రోజు గూడ పోయిన."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. నవత నా మొహంలోకి చూడకుండా చెప్పింది.

"నీ దిష్టి తీస్తుంటే నీకెట్ల చెప్తం?"

అందరి దిష్టి కన్నా తల్లి దిష్టి గట్టిగా తగులుతుందట. తల్లికి తెలిస్తే ఆమె మనసూ చూపూ అక్కడే ఉంటాయి కాబట్టి తీసిందంతా పనికిరాకుండా పోతుందట. మూడేళ్లుగా నేను ఊరందరి దగ్గరా డిప్యూటీ కలెక్టర్ అని చెప్పుకోవడం ఆదిలక్ష్మి వింటూనే ఉంది. ఒకసారి నవత ఏడుస్తూ పైకి వెళ్లిందట, అమ్మ అట్ల చెప్తుంటే పుస్తకం తెరవాలంటే భయమేస్తోందని. నా దగ్గర ఏడవలేదు. ఆదిలక్ష్మి దగ్గర ఏడ్చింది. అప్పుడు మొదలైంది ఈ దిష్టి తీయడం.

"నాకు నమ్మకమో కాదో తెల్వదు," అంది నవత. "ఆంటీ చెయ్యి తల చుట్టూ తిరిగితే భయం పోతది. గంతే."

కంచం తీసి సింకులో పెట్టి, చెయ్యి కడుక్కుని లైబ్రరీకి వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మధ్యాహ్నమంతా నేను వంటింట్లోనే కూర్చున్నాను. సిగ్గంటే ఏమిటో యాభై నాలుగేళ్ల వయసులో తెలిసింది. మా ఆయన వచ్చి ఏమైందన్నాడు. జరిగింది చెబితే ఈసారి నవ్వలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చాడు.

రెండు రోజుల తర్వాత కాచిగూడ వెళ్లాను. వాళ్ల గల్లీ మలుపు దాకా వెళ్లి, మేడ మీద ఆరేసిన ఆదిలక్ష్మి చీర చూసి వెనక్కి తిరిగాను. ఏమని చెప్పాలి? మిరప మొక్కలు మొలిస్తే మీరు నా పిల్లకి కీడు చేస్తున్నారనుకున్నానని చెప్పాలా? మలుపులో నిలబడ్డ ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఇంకోసారి బయల్దేరి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా కూడా పోలేకపోయాను.

మెయిన్స్ మొదటి పేపరు రోజు నవత ఐదింటికే లేచి తయారైంది. సెంటర్ బషీర్‌బాగ్‌లో. అంత పొద్దున్నే ఎందుకంటే, ముందు కాచిగూడ పోయి అక్కడి నుంచి నాగశ్రీతో కలిసి వెళ్తానంది. తర్వాత నా ముందు చెయ్యి చాపింది.

"ఐదు మిరపకాయలియ్యి."

ఈసారి దాచుకుని తీసుకుపోలేదు, నన్నే అడిగింది. డబ్బా తీసి, తొడిమలు ఊడనివి చూసి ఐదు ఏరి ఆమె చేతిలో పెట్టాను. నేనూ వస్తానన్నాను. నవత ఆలోచించింది. నాకు తెలిసిపోయిందని ఆంటీకి ముందే ఫోన్లో చెప్పిందట. తెలియడం ఎలాగూ తెలిసింది, కనీసం చూడకుండానన్నా ఉండమని ఆమె చెప్పిందట. ఇంట్లోకి రావద్దని, వెనక్కి తిరిగి కూడా చూడొద్దని నాతో ఒట్టు పెట్టించుకుని నవత నన్ను ఆటో ఎక్కించుకుంది.

కాచిగూడలో ఆ ఇంటి ముందు దిగాం. నవత లోపలికి వెళ్లింది. నేను ఇంటికి వీపు పెట్టి, గల్లీ అవతల ఉన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద ఏదో కోచింగ్ సెంటర్ పోస్టరు సగం చిరిగి ఉంది. పక్కన టిఫిన్ బండి దగ్గర దోసె వేస్తున్నారు. నా కూతురి తల చుట్టూ ఇప్పుడు ఒక చెయ్యి తిరుగుతోందని, తీసేస్తున్నది నన్నేనని అనుకుంటూ ఆ పోస్టరు మీద ఫోన్ నంబరు మళ్లీ మళ్లీ చదివాను.

వెనక తలుపు చప్పుడైంది. ఎవరో వచ్చి నా పక్కన, నాలాగే గోడ వైపు తిరిగి నిలబడ్డారు. చూస్తే ఆదిలక్ష్మి. ఆమె కూడా ఇంటి వైపు చూడటం లేదు.

"మీరేంది అక్క, బయటికొచ్చిన్రు?"

"నవతకి తీసేశానండి. ఇప్పుడు నాగశ్రీకి నవత తీస్తోంది." కొంగు భుజం మీదుగా కప్పుకుంది. "నేనూ తల్లినే కదా. నేనుండకూడదు."

ఆమె చేతిని నేను మూడు నెలలు అనుమానించాను. ఆమె తన సొంత కళ్లను కూడా నమ్మకుండా, పరీక్ష పరీక్షకీ తన కూతుర్ని నా కూతురి చేతుల్లో పెట్టి పక్కకి తప్పుకుంది.

"ఉమాకాంత్ రాలేదక్క," అన్నాను. "వచ్చేది గూడ లేకుండె. ఆ మొక్కలు చూసి నేను..."

"తెలుసండి. ఊరమిరపకాయలు మీరు బుగ్గమ్మకి ఇచ్చేశారని ఆవిడే చెప్పింది. అప్పుడే అర్థమైంది."

అప్పుడే అర్థమైంది. అంటే ఖాళీ చెయ్యమని నేను పైకి వెళ్లేసరికే ఆమెకి తెలుసు. నేను చెప్పింది అబద్ధమని తెలిసి కూడా బియ్యంలోకి తల వంచుకుంది.

"మరి ఒక్క మాట చెప్పకపోతిరి. చెప్తే నేను మిమ్మల్ని పంపుదునా?"

"ఎలా చెప్పనండీ," అంది ఆదిలక్ష్మి, పోస్టరు వైపే చూస్తూ. "మీకు చెబితే నవతకి తీసిందంతా పోతుంది కదా. దానికిది ఆఖరిసారి. ఇల్లేముంది, ఇంకోటి దొరుకుతుంది."

ఆమె చేతులు పట్టుకోవాలని, ఆమె మొహం చూడాలని అటు తిరగబోయాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపేసింది.

"తిరక్కండి వదినగారూ. ఇంకా అవలేదు."

కళ్లు తుడుచుకోకుండా నేను గోడ వైపే చూస్తూ నిలబడ్డాను.